పాత మిల్లులోని మేడగది



మన పల్లెయిండ్లలో అటుక యనగా నేమో మీరందరు ఎరుగుదురు. దూలములకు అడ్డముగా బల్లలు పరచి, వాటిమీద విత్తనపు మూటలు, ఉల్లిపాయలు, విరిగిన కాడి, పెండ్లిండ్లకు మాత్రము దించెడి గంగాళము, ఇట్టివి పెట్టుకొందుము. అక్కడ కాపురముండునది ఎలుక యొక్కటే. ఇంగ్లీషు భాషలో అటుకకు లాఫ్ట్ అని పేరు. అయితే నేడు ఆ దేశపు పట్టణములలో లాఫ్ట్ అను మాట వినబడినయెడల ఉల్లిపాయలను తలంచువారు అరుదు. బాగుగా కలిగినవారు కొనెడి ఇంటిని తలంతురు.

ఈ మార్పు ఎట్లు జరిగెననగా, సరుకు నిలువచేయు గిడ్డంగులలోను, చిన్న కార్ఖానాలలోను నడుమ గోడలు లేని పై అంతస్తులను లాఫ్టులని పిలిచెడివారు. న్యూయార్కు నగరమందు సోహో అను పేటలో కార్ఖానాలు ఒక్కొక్కటియే ఖాళీకాగా, 1960వ దశకములో బీద చిత్రకారులు అద్దె తక్కువయని ఆ అంతస్తులలో చట్టమునకు చాటుగా కాపురము పెట్టిరి. 1971లో నగరపు అధికారులు కళాకారులు అక్కడ నివసించుటకు అనుమతి నిచ్చిరి. వారి వెనుక ధనవంతులు వచ్చిరి. ధనవంతులు వచ్చిన పిమ్మట చిత్రకారులలో అనేకులు అద్దె కట్టలేక వెడలిపోయిరి. ఆ వాడుక సముద్రము దాటి ఇంగ్లండులోని పాత మిల్లుపట్టణములకును చేరినది. వాటిలో మాంచెస్టరును గూర్చి, అందులోను ఆంకోట్స్ అను పేటను గూర్చి ఈ మాసము మీతో మాటలాడదలచితిని.

మాంచెస్టరు నడిబొడ్డునుండి ఆంకోట్స్‌కు నడచి పోవచ్చును. 1804లో పూర్తియైన రాచ్‌డేల్ కాలువ ఆ పేట ప్రక్కగా పోవుచున్నది. కాలువ గట్టున ఎఱ్ఱయిటుక మిల్లులు బారులు తీరి నిలిచియున్నవి. ఆదాము ముర్రే, జార్జి ముర్రే అను స్కాట్లండు సోదరులు కట్టించిన మిల్లు 1798 నాటిది. ఆవిరి యంత్రముతో నడిచిన నూలు మిల్లులలో నేటికిని నిలిచియున్న మిక్కిలి పాతవాటిలో అది యొకటి. పని నిలిచి, పైకప్పులు చెడి, పావురములకు నెలవైన యీ మిల్లులను ఈ శతాబ్దములో బాగుచేసి నివాసములుగా మార్చిరి.

ఇట్టి మిల్లులలో పై రెండంతస్తులను లోపలి మెట్లతో కలిపి ఒకే యిల్లుగా చేసినదానిని డూప్లెక్సు అందురు. క్రిందిభాగము కూర్చుండుటకును భుజించుటకును, పైభాగము పడకకును ఉపయోగింతురు. గోడలకు సున్నము వేయరు. ఇటుకలను రుద్ది కడిగి అట్లే కనబడనిత్తురు. ఇనుప స్తంభములను దాచరు. దూలములమీది మేకుల గుంటలను, నేలబల్లల మీది మరకలను చెరిపివేయక వాటిపైననే మెరుగు పెట్టుదురు. మన ఊరి మేస్త్రి చూచినయెడల డబ్బు చాలక పని సగములో నిలిపిరనుకొనును. అయితే ఆ సగము పనికే అధికమైన వెల! కిటికీలు నిలువెత్తువి, వరుసగా చాలయున్నవి. వెలుగు ధారాళముగా వచ్చును. అమ్మువారు తమ ప్రకటనలలో ఆ వెలుగును, ఆ యిటుకను, ఆ మరకను ఎంతగానో పొగడుదురు.

పెంకుటింటిలోను రేకులయింటిలోను ఉండు మనకు ఈ మేడ గొడవ యెందుకని మీరడుగవచ్చును. రెండు కారణములున్నవి. మొదటిది, మన సంఘముల పిల్లలు చదువునకును ఉద్యోగమునకును ఆ దేశమునకు వెళ్లుచున్నారు, ఇట్టి యిండ్ల చిత్రములు సెల్‌ఫోనులలో మన యింటి గడపలోనికే వచ్చుచున్నవి. రెండవది, ఆ మిల్లు గోడలకును మన తాతముత్తాతల యిండ్లకును సంబంధము లేకపోలేదు. దానిని గూర్చి తరువాత చెప్పెదను. ఇప్పుడు నా ప్రశ్న యిది. ఒకరు చాలని కూలికి పనిచేసి, రొమ్ము చెడి, బ్రతుకంతయు అరుగదీసిన చోటును, వేరొకరు ఆ పని గురుతులనే సొంపుగా ఎంచి సుఖమునకై కొనుక్కొనుట న్యాయమా?

మొదట ఆ కిటికీలనే చూడుడు. అవి కాలువ అందమును చూచుటకు పెట్టినవి కావు. సన్నని దారము తెగినచోటు కంటికి కనబడవలెనని పెట్టినవి. పగటి వెలుగు ఎంత యెక్కువయున్న అంతసేపు పని జరుగును. అంత పెద్ద కిటికీలుండియు వాటిని తెరువనిచ్చెడివారు కారు. ఏలయనగా సన్ననూలు వడుకుటకు వెచ్చదనము, తేమ యుండవలెను. గాలి పొడిగా వీచినయెడల దారము తెగును. కనుక ఉక్కపోతలో, దూది నలుసులు తేలుచుండగా, మూసిన కిటికీల వెనుక పని జరిగెడిది. ఆ నలుసులవలన ఊపిరితిత్తులు చెడి ఎందరో దగ్గుతో కాలము గడిపిరి.

అక్కడి యంత్రమునకు మ్యూల్ అని, అనగా కంచరగాడిద అని పేరు. బోల్టను పట్టణపు శామ్యూలు క్రాంప్టను 1779లో దానిని కనిపెట్టెను. (అతనికి దానివలన కలిగిన లాభము స్వల్పము. 1812లో పార్లమెంటు అయిదువేల పౌనులిచ్చినను 1827లో బీదవాడుగానే చనిపోయెను. మిల్లుదారులు మాత్రము అతని యంత్రముతో ధనికులైరి.) ఆ యంత్రపు బండి వందలాది కదురులతో ముందుకు వచ్చి దారమును సాగదీసి, మరల వెనుకకు పోయి చుట్టును. వడుకువాడు వట్టి కాళ్లతో నూనె పడిన నేలమీద దాని వెంట దినమెల్ల నడువవలెను. తెగిన పోగులను అతికించుటకు పిల్లలుందురు. అందరికంటె చిన్నవారు యంత్రము క్రింద ప్రాకి, అది మరల వచ్చులోపల, పడిన దూదిని ఊడ్చి బయటికి రావలెను. ఆలస్యమైన బిడ్డ సంగతి నేను వ్రాయనక్కరలేదు. తొమ్మిదేండ్లకు తక్కువవారిని ఇట్టి మిల్లులలో పెట్టరాదనియు, పదుమూడేండ్లలోపు వారిచేత వారమునకు 48 గంటలకు మించి పని చేయింపరాదనియు 1833లో చట్టమైనది. దానిని అమలుపరచుటకు తనిఖీదారులను నియమించుట అదియే మొదలు. వారమునకు 48 గంటలు పని చేయు తొమ్మిదేండ్ల బిడ్డ, ఇది దయగల చట్టమని ఆ కాలమువారు మెచ్చుకొనిరి!

ఇక నేలమీది మరకలు. యంత్రమునుండి చిమ్మెడి నూనె వడుకువారి బట్టలలో నానుటవలన వారికి కేన్సరు పుండ్లు కలుగుచున్నవని మాంచెస్టరు వైద్యులు 1922లో వ్రాసిరి. నేడు గాజువలె మెరుగుపెట్టబడిన మిల్లు మరకలలో ఆ నూనె మరకలును ఉండవచ్చును.

ఆ దినములలో ఈ సంగతులు ఎవరికిని తెలియకపోలేదు. ఫ్రెడరిక్ ఎంగెల్సు అను జర్మను యువకుడు ఆ పేటలు తిరిగి చూచి 1845లో గ్రంథము ప్రకటించెను. మూడేండ్లకు, 1848లో, అదే పట్టణములో ఒక సంఘకాపరి భార్యయైన ఎలిజబెతు గాస్కెల్ అమ్మగారు 'మేరీ బార్టన్' అను నవలలో మిల్లు కూలీల ఆకలిని చిత్రించెను. ఒకడు దేవుని నమ్మనివాడు, ఒకరు కాపరి యింటి ఇల్లాలు. ఇద్దరి కన్నులును ఒకే వీధిని చూచినవి.

ఆ మిల్లులకు పత్తి ఎక్కడనుండి వచ్చెను? సన్ననూలుకు కావలసిన పొడవు పింజ పత్తిని అమెరికా దక్షిణ తీరపు దీవులలో నల్లవారైన బానిసలు పండించిరి. అనగా ఆ మేడగది కథ ఆంకోట్స్‌తో ముగియదు. దూలము మాంచెస్టరుది, దారము మరియొక దేశపు కన్నీటిది.

ఆ కథ మన కడపవరకును వచ్చినది. ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్టణములో వర్తకశాల పెట్టినది మన బట్టల కొరకే. మన కోస్తా నేతగాండ్ర బట్టలు, అద్దకములు ఓడలకెక్కి దూరదేశములకు పోయెడివి. క్రాంప్టను యంత్రమునకు మొదట 'మస్లిన్ చక్రము' అను పేరుండెను. హిందూదేశపు సన్నబట్టతో పోటీపడుటయే దాని పని. పందొమ్మిదవ శతాబ్దములో మన బట్ట పోవుట ఆగి, వారి నూలును వారి బట్టయు మన సంతలకు వచ్చుట మొదలాయెను. 1913లో లాంకషైరు మిల్లులు విదేశములకు పంపిన బట్ట ఇంచుమించు 700 కోట్ల గజములు. అందులో సుమారు 300 కోట్ల గజములు మన దేశమునకే వచ్చెను.

దీనివలన మొట్టమొదట నష్టపోయినవారు మగ్గమువారుకూడ కారు. మగ్గమువారు మిల్లు నూలు కొని పడుగు వేసి, కష్టముతోనైనను నిలిచిరి. చీరాలలోను మంగళగిరిలోను నేటికిని నేయుచున్నారు. ముందు చెడినది రాట్నము. ప్రతి పల్లెలో ముసలమ్మలు, విధవలు, బిడ్డతల్లులు తీరిక వేళ వడికి నాలుగు కాసులు సంపాదించుకొనెడివారు. ఆ కాసులు పోయినవి. ఏ సర్కారును లెక్కవ్రాయలేదు, ఏ పత్రికయు ప్రకటింపలేదు. ఇంటి మూలనున్న రాట్నము అటుకెక్కెను. పిమ్మట పొయ్యిలోనికి పోయెను. ముతకబట్ట నేసి పొరుగు రైతులకిచ్చి గింజలు తెచ్చుకొనిన కుటుంబములు మన సంఘములలో ఎన్నియో కలవు. ఆ నేత పోయిన పిమ్మట వారికి మిగిలినది పరుల చేలలో కూలి. మీ ముత్తవ్వ ఎందుకు కూలికి పోయెనో మీ యింట ఎవరైనను చెప్పిరా? ఆ కారణములో కొంత ఆంకోట్స్ కాలువగట్టున కలదు.

అయితే మాంచెస్టరు కూలీలను మనము శత్రువులుగా ఎంచరాదు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము పుట్టి పత్తి నిలిచిపోగా లాంకషైరులో లక్షలమందికి పని లేకపోయెను. బానిసల యజమానులతో సంధిచేసికొని పత్తి తెచ్చుకొందమని కొందరు పెద్దలు బోధించిరి. అట్టి వేళ, 1862 డిసెంబరు 31న, మాంచెస్టరు పనివారు ఫ్రీ ట్రేడ్ హాలులో కూడుకొని, బానిసత్వమును తీసివేయుమని లింకను అధ్యక్షునికి విజ్ఞాపన పంపిరి. 1863 జనవరి 19న లింకను వారికి జవాబు వ్రాసి వారి త్యాగమును కొనియాడెను. తమ బిడ్డల అన్నమునకు అడ్డముగానున్న యుద్ధము ఎన్నడును చూడని నల్లవారి కొరకైనదని తెలిసి, సాగనిండని చెప్పిన జనులు వారు. అందరును అట్లు తలచిరని కాదు. తలచినవారు కొందరైనను చాలును. ఆ సభ జరిగిన హాలు నేడొక పెద్ద హోటలు. లింకను మాటలు ఆ పట్టణములోని ఆయన విగ్రహము క్రింద చెక్కబడియున్నవి.

అట్లే 1931 సెప్టెంబరులో గాంధీగారు లాంకషైరునకు వెళ్లి డార్వెన్ ప్రాంతములో బసచేసిరి. స్వదేశీ ఉద్యమము తమ పనిని కొంత పోగొట్టెనని తెలిసియు అక్కడి మిల్లు స్త్రీలు ఆయన చుట్టును చేరి హర్షధ్వనులు చేసిరి. ఆయన వారి కష్టమునకు జాలిపడెను గాని, మన పల్లెల ఆకలి దానికంటె పెద్దదని దాచక చెప్పెను. పిమ్మట ఆ మిల్లులు వరుసగా మూతపడెను. 1958 నాటికి ఇంగ్లండు తాను అమ్మిన బట్టకంటె కొనిన బట్టయే యెక్కువ.

ఇప్పుడు ప్రశ్నకు వత్తము. కొందరందురు: గతించినది గతించినది. చనిపోయినవారికి ఆ గదివలన సుఖము లేదు, దుఃఖము లేదు. కొనినవాడు ఎవరిని కొట్టలేదు, ఎవరి కూలియు ఎగబెట్టలేదు. అతడు కొనకయున్నయెడల ఆ మిల్లు కూలి యిటుకల కుప్పయైయుండును. ఈ మాటలో నిజము చాలకలదు. దానిని తేలికగా కొట్టివేయువారు పాత యింటికి పెంకు మార్పించుటకెంతయగునో ఎరుగనివారు. కట్టడము నిలుచుటకు ఎవడో ఒకడు డబ్బు పెట్టవలెను.

మరికొందరు ఆ స్థలము శాపగ్రస్తము, దానిలో సుఖించుట పాపమందురు. ఇది వినుటకు భక్తిగా నున్నది గాని నిలువదు. అట్లయిన మనమెవరమును ఏ యింటను ఉండజాలము. ఏ చెరువు కట్ట వెట్టిచాకిరి లేక లేచినది? ఏ దివాణపు గోడ ఉచితపు చెమట లేక నిలిచినది? ఇశ్రాయేలీయులు ఇతరులు కట్టిన యిండ్లలోను, ఇతరులు త్రవ్విన బావులయొద్దను కాపురముండబోవుచుండగా మోషే వాటిని పాడుచేయుడని చెప్పలేదు. కడుపు నిండిన దినమున మరువకుడని మాత్రము హెచ్చరించెను. మేడగదియు తనంతట తాను దోషము కాదు. షూనేములోని ఆ గృహిణి ఎలీషా కొరకు మేడమీద చిన్న గది కట్టించి, మంచము, బల్ల, పీట, దీపము పెట్టించెను గదా. యిర్మీయా గద్దించినది వేరొక మేడను. పొరుగువానిచేత కూలి లేక పని చేయించుకొని, విశాలమైన పై గదులును పెద్ద కిటికీలును పెట్టించి, ఎఱ్ఱరంగు వేయించుకొనిన రాజు మేడను. రెండును మేడగదులే. గది యెత్తు కాదు ప్రవక్త కొలిచినది.

నా మట్టుకు, ఆంకోట్స్ గదిలో తప్పున్నయెడల అది కొనుటలో లేదు, ఉండుటలో లేదు. బాధను తీసివేసి బాధ గురుతును మాత్రము అలంకారముగా ఉంచుకొనుటలో నున్నది. మరక ఉండవచ్చును, మరక పడినవాని పేరు ఉండరాదు. దూలము కనబడవలెను, దాని క్రింద ప్రాకిన బిడ్డ కనబడరాదు. దూరదేశపు వింతయని దీనిని త్రోసివేయకుడు. హైదరాబాదు పోవు దారిలో పల్లెటూరి వేషము వేసిన హోటళ్లను మీరు చూచియుందురు. గోడకు బండిచక్రము, గుమ్మమున తిరగలి, మూలను నాగలి. కారు దిగి వచ్చినవారు అంబలికి మన కూలివాని దినకూలిలో సగము చెల్లించి త్రాగి, బాగున్నదందురు. ఆ నాగలి ఏ రైతు అప్పులపాలై అమ్మినదో ఎవరును అడుగరు. నాకు అంబలియందు కోపము లేదు. అంబలి మంచిదే. ఆకలిని ఎరుగక ఆకలివాని గిన్నెను ముద్దాడుట చూచినప్పుడు మాత్రము మనస్సు ఒప్పుకొనదు.

అట్లయిన గుమ్మముమీద ఒక శిలాఫలకము పెట్టి, ఇక్కడ ఫలానావారు కష్టపడిరని వ్రాయించిన చాలునా? మంచిదే, గాని అది మిక్కిలి చవుక. రాతికి కూలి యిచ్చి మనుష్యుని అప్పు తీరినదనుకొందుము. చనిపోయిన వడుకువానికి చెల్లింపగలిగినది మనయొద్ద ఏదియు లేదు. అయితే అతని పని చనిపోలేదు, చోటు మార్చుకొన్నది. 2013 ఏప్రిలు 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా అను కుట్టుమిషను కార్ఖానాల భవనము కూలి 1,100మందికి పైగా చనిపోయిరి. గోడలు బీటలిచ్చెనని ముందటి దినమే చూచినను, మరునాడు వారిని పనిలోనికి పంపిరి. వారు కుట్టినది ఐరోపా, అమెరికా దుకాణములకు పోవు బట్టలే. మేడగదిలోని చెక్క బీరువాలో అట్టి చొక్కా యొకటి వ్రేలాడుచుండవచ్చును. పాత మిల్లు గోడ మాటలాడునట్లయితే ఆ చొక్కాతోనే మాటలాడును.

మన చొక్కాయు ఆ వరుసలోనిదే. కర్నూలు, మహబూబ్‌నగరు ప్రాంతములలో సంకర పత్తివిత్తనపు చేలలో పువ్వులు గిల్లుటకును పుప్పొడి అద్దుటకును చిన్నపిల్లలను, విశేషముగా ఆడపిల్లలను, బడి మాన్పించి పెట్టుచున్నారని 2000 ప్రాంతమున బయటపడి దేశదేశముల చర్చకు వచ్చెను. ఆ పిల్లలలో మన సంఘముల పిల్లలు లేరని చెప్పగలమా? ఆ చేలలో మన సంఘస్థుల చేలు ఒకటియు లేదని చెప్పగలమా? ముంగారు నెలలలో ఆదివారపు బడికి రాని బిడ్డ యెక్కడికి పోయెనో అడుగుటకు మాంచెస్టరు పోనక్కరలేదు.

ఇంకొక చిక్కుకూడ కలదు. మన బడులును గుళ్లును ఏ డబ్బుతో లేచినవి? ఇంగ్లండులోని మిల్లుపట్టణముల ప్రార్థనా మందిరములలోను ఆదివారపు బడులలోను మిషను పెట్టెలు త్రిప్పి కాసులు కూర్చి మన దేశమునకు పంపెడివారు. మన రాట్నమును ఆపిన మిల్లే మన బడికి పలకయు ఇచ్చినది. దారము అతికించిన చేతితోనే ఏదో యొక బిడ్డ తన అరకాసు ఆ పెట్టెలో వేసియుండును. దీనిని తూచుటకు త్రాసు నాయొద్ద లేదు. ఋణమును, అన్యాయమును రెంటిని ఒకే నోట చెప్పుకొనవలసినదే. ఒకటి రెండవదానిని కొట్టివేయదు.

మెదకు గుడిని మీలో అనేకులు చూచియుందురు. 1914లో పని మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. గోపురము ఎత్తు 175 అడుగులు. కరవు దినములలో పోస్నెట్ దొరగారు జనులకు పని కల్పించి అన్నము పెట్టు సాధనముగా ఆ కట్టడమును నడిపెనని ప్రసిద్ధి. ఆకలిగొన్నవానిచేత రాళ్లు మోయించుట తగునా యని అడుగువారు కలరు. అడుగవచ్చును. అయితే ఆంకోట్స్‌కును దీనికిని ఒక భేదము కనబడుచున్నది. మెదకులో రాయి మోసినవారి మనుమలు క్రిస్మసు ఉదయమున అదే గుడిలో చాపమీద కూర్చుందురు. వారిని గుమ్మమున ఆపి చీటీ అడుగువారు లేరు. ఆంకోట్స్ మేడగదికి వడుకువాని మునిమనుమడు రావలెననిన, విరిగిన కొళాయి బాగుచేయుటకైనను రావలెను, లేక బాగుగా ధనికుడై రావలెను.

ప్రతి యింటికిని తాళముండదా యని మీరందురు. ఉండును. ఎవని పడకగదిని వాడు ఊరందరికి తెరువనక్కరలేదు. నేనడుగునది ఒక యింటిని గూర్చి కాదు, ఒక పేటను గూర్చి. పేటయంతయు మేడగదులైనప్పుడు అక్కడ పుట్టినవారు ఎక్కడ తల దాచుకొందురు? ఆంకోట్స్ నడుమ సెయింటు పీటరు దేవాలయము కలదు. మిల్లు కూలీల కొరకు 1860లో తెరచినది, నూరేండ్లకు మూతపడినది. నేడు బాగుచేయబడి, హాలే అను ప్రసిద్ధ వాద్యబృందము అభ్యాసము చేసికొను స్థలమైనది. ఆరాధన పోయినందుకు కాపరిగా నాకు నొప్పి లేదనను. అయినను ఆ తలుపులు కొందరికైనను తెరచియే యున్నవి. అదే పట్టణమున హల్మ్ అను పేటలో సెయింటు జార్జి దేవాలయము మాత్రము పూర్తిగా నివాసపు గదులైనది. ప్రార్థించిన చోట పడకలు వేసిరి.

మన పిల్లవాడు ఎవడైనను చదువునకు పోయి అట్టి మిల్లు గదిలో అద్దెకుండవలసివచ్చినయెడల, వద్దని నేను వ్రాయను. ఉండుము నాయనా, చలి దేశము, గోడలు మందము, మంచిదే. మిల్లు పేరేమో తెలిసికొనుము. తెల్లవారకముందే మెట్లు తుడుచుటకు వచ్చు అమ్మ ఏ దేశమునుండి వచ్చెనో, గంటకెంత యిచ్చుచున్నారో అడుగుము. కాలువ వెంబడి నడచునప్పుడు మీ ముత్తవ్వ రాట్నము సంగతి నీ స్నేహితులకు చెప్పుము. వారు వినియుండరు.

వీలైన యొకనాడు ఆ మిల్లులనుండి విక్టోరియా స్క్వేరు వరకు నడచి వెళ్లుము. ఆ పేట యిరుకు ఇండ్లలో జనులు విస్తారముగా చనిపోవుచుండగా, మాంచెస్టరు నగరపాలకులు పాత కొంపలు పడగొట్టి, 1894లో పనివారి కొరకు తమ ఖర్చుతో కట్టించిన మొదటి యిండ్లు అక్కడ కలవు. అవియు ఎఱ్ఱయిటుకవే, నడుమ ముంగిలి, చుట్టును అంతస్తులు. వాటిని ఎవరును విలాసగృహములుగా మార్చలేదు. నేటికిని అవి సామాన్యుల నివాసములే, కాపురముండువారు వయస్సు మళ్లినవారు.